పసుపు సవరణ

కంటికి తెలియని రంగుని మోసుకు తిరగడం దండగ అని వకుళ పదహారేళ్ళపాటు నమ్మింది. నమ్మడమే కాదు, ఆ నమ్మకం మీదే అన్నం తింది. హైదరాబాదులో సినిమాలకి రంగులు దిద్దే స్టూడియోలో ఆమె ఉద్యోగం. హీరో ఆకుపచ్చ తెర ముందు ఎగిరి దూకితే, ఆ పచ్చని తీసేసి వెనకాల మంచుకొండలు పెట్టాలి. ఆ తర్వాత హీరోగారి జుట్టు అంచుల్లో మిగిలిపోయిన పచ్చని వారాల తరబడి తుడవాలి.

ఆ అంచుల్లో పచ్చ ఎందుకు మిగులుతుందో ఆమెకి తెలిసినంత బాగా తెలిసినవాళ్ళు తక్కువ. మామూలు కెమెరా బొమ్మలోని ప్రతి చుక్కకీ వెలుగు కొలుస్తుంది గానీ, ప్రతి చుక్కకీ రంగు కొలవదు. పై వరసలో నాలుగు చుక్కలుంటే రెండుచోట్ల మాత్రమే రంగు తీసుకుంటుంది. కింది వరసకి అసలు తీసుకోదు, పైవాటి రంగే కిందవాటికీ పులిమేస్తుంది. అంటే నాలుగు చుక్కలకి కలిపి ఒకటే రంగన్నమాట. ఆ పనిలో ఉన్నవాళ్ళు దీన్ని నాలుగు-రెండు-సున్నా అంటారు. అన్ని చుక్కలకీ రంగు తీసుకుంటే నాలుగు-నాలుగు-నాలుగు. అప్పుడు వీడియో బరువు రెట్టింపవుతుంది. మనిషి కన్ను వెలుగు విషయంలో మహా చాదస్తం, రంగు విషయంలో మహా ఉదారం. నాలుగిట్లో మూడు వంతుల రంగు ఎగరగొట్టినా కిక్కురుమనదు.

అలాంటి మనిషిని కాకినాడలో వైద్యపరికరాలు తయారుచేసే ప్రయోగశాల పిలిచిందంటే, దానికి కారణం వర్ణనాడి అనే యంత్రం.

మొదటిరోజు ప్రయోగశాల పెద్ద గంగాధరంగారు ఆమెని ఒక కెమెరా ముందు కూర్చోబెట్టారు. ఆయన పసిపిల్లల డాక్టరు. పుట్టినపిల్లల మడమల్లో సూదులు గుచ్చీ గుచ్చీ విసుగెత్తి యంత్రాల్లోకి దిగినవాడు. తెరమీద వకుళ మొహం ఎర్రబడి, పాలిపోయి, మళ్ళీ ఎర్రబడుతోంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం రంగు రవ్వంత మారుతుందట. ఆ రవ్వంతని ఈ యంత్రం వెయ్యిరెట్లు చేసి చూపిస్తోంది. గుండెతోపాటు మారే రంగు నెత్తురుది. మారకుండా ఉండిపోయేది పైపూత. రెంటినీ విడదీస్తే, సూది లేకుండా నెత్తుట్లో ఏముందో చెప్పేయొచ్చు.

"మీకు రక్తం పదిన్నరే ఉందమ్మా," అన్నారాయన ఇరవై సెకన్లలో. "మా క్యాంటీన్‌లో తోటకూర బావుంటుంది. మొహమాటపడకండి."

వకుళ నవ్వి, ఆ సాయంత్రమే ఉద్యోగంలో చేరిపోయింది.

యంత్రం పుట్టిందే పసిబిడ్డల పచ్చకామెర్ల కోసం. పుట్టిన మూడోరోజునో నాలుగోరోజునో చాలామంది బిడ్డలు పచ్చబడతారు, వారంలో మామూలైపోతారు. ఏ కొందరికో ఆ పచ్చదనం అదుపు తప్పి మెదడుకి ఎక్కుతుంది. ముందే పట్టుకుంటే నీలం దీపాల కింద రెండు రోజులు పడుకోబెడితే సరిపోతుంది. పట్టుకోలేకపోతే బిడ్డ బతికినా చెవులో కాళ్ళో ఏదో ఒకటి తీసుకునే పోతుంది. చామనఛాయ ఒంటిమీద ఆ పచ్చదనం పెద్ద పెద్ద డాక్టర్లకే ఆనదు. అందుకే గోదావరి పాయల మధ్య, పడవ తప్ప దారిలేని లంక ఊళ్ళలో పదిహేడుచోట్ల వర్ణనాడి పెట్టారు. నర్సు బిడ్డని కెమెరా కింద పడుకోబెడుతుంది, వీడియో కాకినాడ వస్తుంది, ఇక్కడి యంత్రం లెక్క చూసి అంకె పంపిస్తుంది.

వీడియో మాత్రం రాలేదు. ప్రయోగశాలలో చిటికెలో పనిచేసిన నాలుగు-నాలుగు-నాలుగు, లంకల్లోని బక్క సిగ్నల్ మీద సగందూరం వచ్చి చతికిలబడేది.

"బరువు సగం చేసేస్తాను సార్," అంది వకుళ. "రంగు తగ్గిద్దాం. కంటికి తేడా తెలీదు."

"యంత్రానికో?"

"దానికి కొంచెం తెలుస్తుంది. నేను చూసుకుంటాను."

అలా పదహారేళ్ళ అలవాటు ఆమెచేత ఆ మాట అనిపించింది. వానాకాలం ముంచుకొస్తోంది, గంగాధరంగారు సరేనన్నారు. నాలుగు-రెండు-సున్నాతో వీడియోలు జోరుగా రావడం మొదలైంది.

నేరేడులంకలోనూ దాని చుట్టుపక్కల లంకల్లోనూ కలిపి మొదటి నెల ఏడుగురు పిల్లలు పుడితే, ఏడుగురికీ కామెర్లని చెప్పింది యంత్రం. ఏడుగురినీ బాలింతలతో సహా పడవెక్కించి పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. మడమల్లో నెత్తురు తీసి చూస్తే ఒక్కరికీ లేదు. ఎనిమిదో బిడ్డ తండ్రి నర్సు సువార్తని ఆరోగ్య ఉపకేంద్రం గడప దగ్గరే నిలేశాడు. కారణమేమిటో కళ్ళారా చూద్దామని వకుళ పడవెక్కి వెళ్ళింది.

చూడగానే అర్థమైంది. ఉపకేంద్రంలో వరసగా కూర్చున్న బాలింతల ఒళ్ళో బిడ్డలందరూ పసుపుతో మెరిసిపోతున్నారు. శనగపిండిలో పసుపు కలిపి నలుగు పెట్టి, నీళ్ళు పోసి, ఆపైన ఇంత పసుపు పట్టించి తీసుకొచ్చారు. ఆడపిల్లయితే మరీను. నూగు రాలుతుంది, ఒళ్ళు తేరుతుంది, దిష్టి తగలదు.

"పసుపు పైపూతే కదండీ మేడమ్," అంది సువార్త. యాభై దాటిన మనిషి, ఆ లంకలో సగంమందికి తనే పురుడు పోసింది. "నెత్తురూ పూతా యంత్రం యిడదీసేత్తాదని ట్రైనింగులో చెప్పారు గదండి?"

"విడదీయాలంటే ప్రతి చుక్కకీ దాని రంగు దానికుండాలి సువార్తగారూ. నాలుగు చుక్కలకి కలిపి ఒకటే తీసుకుంటున్నాం. చర్మం ముడతల్లో పసుపు అంటని చుక్క ఒకటున్నా, పక్కనున్న పసుపు దానికీ అంటేస్తోంది."

సువార్త వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "నాలుగిళ్ళకీ ఒకటే కుళాయన్నమాట. ఒకళ్ళు పసుపు కలిపితే అందరికీ పసుపునీళ్ళే."

"అంతే."

"మరి నాలుగు కుళాయిలు ఎయ్యకూడదాండి?"

వకుళ దగ్గర దానికి జవాబుంది గానీ, సిగ్నల్ గురించీ వరదల గురించీ అంతసేపు చెప్పే ఓపిక లేకపోయింది. ఆడవాళ్ళ వైపు తిరిగి గట్టిగా చెప్పింది, బిడ్డకి నెల నిండేదాకా పసుపు వద్దని. కిసుక్కున నవ్వారు కొందరు. పసుపు లేకుండా పురుడా అని ఒకావిడ బుగ్గలు నొక్కుకుంది. వెనకవరసలోంచి ఎవరో పెద్దావిడ, కడుపుతో ఉన్న కోడలిని పక్కన పెట్టుకుని, "నెలన్నాళ్ళూ బొత్తిగా రాయకూడదాండి? అరికాళ్ళకైనా?" అని అడిగింది.

"వద్దు మామ్మగారూ. అస్సలు వద్దు."

"ఆయ్," అందావిడ.

తిరుగు పడవలో వకుళకి ఆవిడ మొహం కూడా గుర్తులేదు. ఎవరు వింటారులే అనుకుంది. తరతరాల పసుపు, ఎవరో ఊరుగాని ఊరునించి వచ్చి ఒక్కసారి అరిస్తే మానేస్తారా? వీళ్ళు మారరు, యంత్రాన్నే మార్చుకోవాలి. కాకినాడ చేరి నాలుగురోజులు కూర్చుని పసుపు సవరణ రాసింది. లంకల్లో పిల్లల ఒంటిమీద సగటున ఎంత పసుపుంటుందో, ఆ ఏడుగురి వీడియోల్లోంచీ మిగతా లంకల వీడియోల్లోంచీ లెక్కగట్టి, వచ్చిన ప్రతి బిడ్డ రంగులోంచీ అంత పసుపు తీసేయమంది. ఆ రోజునించీ దొంగ హెచ్చరికలు ఆగిపోయాయి. నిజంగా కామెర్లున్న పిల్లలు మరీ పచ్చగా తేలి దొరికారు. ఆరేడు నెలల్లో ఇరవైమందికి పైగా. గంగాధరంగారు ప్రయోగశాలకంతా కాజాలు పంచారు.

ఇందులో అబద్ధమేమీ లేదు. ఆ ఇరవైమందినీ కాపాడింది వకుళే. కథ ఇక్కడ ఆగిపోయుంటే ఎంత బావుండేది.

మార్చిలో ఒక ఫైలు ఆమె బల్ల మీదకి వచ్చింది. ఆసుపత్రి చెప్పిందీ యంత్రం చెప్పిందీ పొసగని కేసులు నెలకోసారి అలా వస్తుంటాయి. నేరేడులంక, ఆడబిడ్డ, తల్లి నూకరత్నం. నాలుగోరోజున యంత్రం తొమ్మిదంది. తొమ్మిదంటే బేఫికరు, ఇరవై దాటితే మెదడుకి ముప్పు. ఏడోరోజుకి బిడ్డ పాలు తాగడం మానేసింది, విల్లులా వెనక్కి వంగిపోయింది, పిల్లికూనలా కీచుగా ఏడ్చింది. సువార్త చేతులమీద ఎత్తుకుని పడవెక్కి ఆసుపత్రికి పరుగెత్తింది. నెత్తురు తీస్తే ముప్ఫై ఒకటి. ఒంట్లో నెత్తురంతా మార్చి బతికించారు. మూడోనెలలో చెవుల పరీక్ష చేశారు. రెండు చెవులూ వినపడవు. ఇక వినికిడి రాదు కూడా.

వకుళ నాలుగోరోజు వీడియో తీసి పెట్టింది. గుప్పెడంత పిల్ల, కళ్ళు మూసుకుని పెదాలు చప్పరిస్తోంది. యంత్రం తొమ్మిదంది. వకుళ పసుపు సవరణ తీసేసి మళ్ళీ లెక్కించమంది.

ఇరవై ఒకటి.

సువార్తకి ఫోన్ చేసింది.

"ఆ బిడ్డకి పసుపు రాయలేదా?"

"లేదండి. చుక్క కూడా లేదు. ఆళ్ళ మామ్మ పల్లాలమ్మ రాయనియ్యలేదండి. మేడమ్‌గారు వద్దన్నారు, నెలదాకా రాసేది లేదని, వచ్చినోళ్ళందరితోనూ తగువాడింది. మీరు వచ్చినప్పుడు ఎనకాల కూర్చుని అడిగారు చూడండి, అరికాళ్ళకైనా అని. ఆవిడేనండి."

వకుళ తెరమీది ఇరవై ఒకటినే చూస్తోంది.

"మేడమ్, ఉన్నారాండి? నేనొకటి చెప్పాలండి. ఆ రోజు నా కంటికి పచ్చగానే అనిపించిందండి. చూరు కింద ఎలుగులో మళ్ళీ చూశాను. మెషిన్ తొమ్మిదంది గదా, దానికంటే నాకెక్కువ తెలుసా అని ఊరుకున్నానండి." అవతల సువార్త ఏడుస్తోంది. "ముప్ఫై ఏళ్ళ కన్నండి నాది."

ఊరంతా ఆమె మాట గాలికొదిలేసింది, వాళ్ళ పిల్లలకి ఏమీ కాలేదు. నమ్మి విన్న ఒక్క ముసలావిడ మనవరాలి ఒంట్లోని నిజమైన పచ్చని, ఒంటిమీద లేని పసుపు కింద కొట్టేసింది యంత్రం. యంత్రం కాదు, వకుళ కొట్టేసింది. వీళ్ళు వినరని రాసిన లెక్క అది. రంగు పూర్తిగా ఉంచుంటే లెక్కే అక్కర్లేదు, ఏది పూతో ఏది నెత్తురో గుండె చప్పుడే విడదీసి చెప్పేది.

మర్నాడు ఆదివారం. భర్త ఫణీంద్ర వంటింట్లో పులిహోర కలుపుతూ, ఉప్పు చూడమని గరిటె చాపాడు. గరిటె మీది పసుపు చూసి వకుళ మొహం తిప్పుకుంది. "ఏం, నా వంట అంత ఘోరంగా ఉందా?" అని ఆయన వేళాకోళమాడితే నవ్వబోయి, నవ్వలేక హాల్లోకి వచ్చేసింది. పన్నెండేళ్ళ కూతురు స్మరణి గదిలో ఎటో తిరిగి లెక్కలు చేసుకుంటోంది. వకుళ తలుపు దగ్గర నిలబడి, తనకే వినపడీ వినపడనట్టుగా, "స్మరణీ," అంది.

"ఏంటమ్మా?" అంది పిల్ల, తల ఎత్తకుండానే.

వకుళ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. పిల్ల హడలిపోయి పుస్తకం వదిలేసి వచ్చింది.

సోమవారం సవరణ తీసేయించింది. తీసేస్తే మళ్ళీ అందరూ పచ్చగానే తేలతారు కాబట్టి, ప్రతి బిడ్డకీ నెత్తురు తీసి చూడమని పదిహేడు కేంద్రాలకీ కబురు పంపింది. ప్రతి చుక్కకీ రంగు తీసే కెమెరాలు వచ్చి, వీడియో పంపకుండా అక్కడికక్కడే లెక్క చూసుకునేలా తయారవడానికి మూడునెలలు పడుతుందన్నారు. ఇవన్నీ గంగాధరంగారు ఒక్క మాట కాదనకుండా ఒప్పుకున్నారు. ఆ ఇంటికి వెళ్ళి చెబుతానంటే మాత్రం ఒప్పుకోలేదు.

"ఏం చెబుతావమ్మా? నాలుగు-రెండు-సున్నా గురించా?"

"తప్పు నాదని."

"రేపటినించీ ఏ తల్లీ బిడ్డని కెమెరా దగ్గరికి తీసుకురాదు. మనం పట్టుకోవాల్సిన ఇంకో ఇరవైమంది సంగతేంటి? వాళ్ళకి ఎవరు సంజాయిషీ ఇస్తారు?" ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నాకు మాత్రం గుండెలేదా? నా మాట విను. బిడ్డకి కావల్సిన వైద్యం మనం చేయిద్దాం. ఉత్తరం రాద్దాం. నువ్వు వెళ్ళకు."

ఆయన అన్నదాంట్లో అన్యాయమేమీ కనపడక వకుళ ఆగింది. ఆగి, నాలుగునెలలు గడిపేసింది. ఉత్తరం మాత్రం ఎవరూ రాయలేదు.

కొత్త కెమెరాలు బిగించాక, ఒకరోజు సువార్తే ఫోన్ చేసింది.

"మీకు తెలుసో తెలీదో అని చెబుతున్నానండి. పల్లాలమ్మని పిల్లని ముట్టుకోనివ్వడం లేదండి ఆ ఇంట్లో. పసుపు మానిపించి పిల్లకి చెవులు పోగొట్టిందని కోడలు. ఊరూ అదే మాటండి. పసుపు లేక చలవ చేసి చెవుల్లోకి దిగిందంట. నేను చెప్పానండి, కాదని. కానీ మరి, కామెర్లు ఎందుకు పట్టుకోలేకపోయారని అడిగితే నా దగ్గర జవాబు లేదండి. ఆవిడ కూడా నమ్మేసిందండి, తన వల్లేనని."

ఈసారి వకుళ ఎవరినీ అడగలేదు.

నేరేడులంకలో పడవ దిగేసరికి తొమ్మిదైంది. సువార్త రేవులోకి వచ్చి ఇంటికి తీసుకెళ్ళింది. పల్లాలమ్మ చావిట్లో ఒక మూల కూర్చుని కొబ్బరి ఈనెలు చీరుతోంది. నూకరత్నం ఇంటి లోపల, పిల్ల ఆమె చంకలో. ఏడునెలల పిల్ల, హారిక అని పేరు పెట్టారు. వకుళని చూసి పల్లాలమ్మ ఈనెలు పక్కనపెట్టి కంగారుగా లేచింది.

"మీరు చెప్పినట్టే చేశానండి," అంది ముందుగానే. "అరికాళ్ళకి కూడా రాయలేదండి. ఎక్కడో ఏదో పొరపాటు చేసుంటానండి నేను."

ఆ ఒక్క మాటకి వకుళ చెప్పాలని నేర్చుకొచ్చిందంతా కొట్టుకుపోయింది. గుమ్మంలోకి వెళ్ళి, నూకరత్నం మొహంలోకి చూస్తూ చెప్పింది. బిడ్డకి పుట్టుకతోనే కామెర్లు ఎక్కువగా వచ్చాయని, అవి నాలుగోరోజునే వీడియోలో ఉన్నాయని, అందరు పిల్లల ఒంటిమీదా పసుపుంటుందనుకుని పచ్చని తీసి లెక్క చూడమని యంత్రానికి తనే చెప్పానని. పసుపు లేక చలవ చేసి చెవులు పోలేదని. యంత్రం సరిగ్గా చెప్పుంటే నిలిచేవి.

నూకరత్నం పిల్లని ఆ చంకనించి ఈ చంకకి మార్చుకుంది.

"మా అత్త మీ మాట యినకపోయుంటే?" అంది.

"అప్పుడు... పచ్చ ఇంకా ఎక్కువగా కనపడేది. యంత్రం పట్టుకునేది."

"యిన్నందుకే పోయిందన్నమాట."

"అవును."

నూకరత్నం తిట్టలేదు. తిడితే వకుళ తట్టుకోగలిగేది. చావిట్లోకి వచ్చి, పిల్లని అత్త ఒళ్ళో పెట్టేసి, గబగబా పెరట్లోకి వెళ్ళిపోయింది. గాబు వెనకాల ఆమె ఏడుపు వినిపించింది. పల్లాలమ్మ ఒళ్ళోని పిల్లవంక, అది తనది అవునో కాదో అన్నట్టు చూసి, అప్పుడు రెండు చేతులా గుండెకి హత్తుకుంది.

కాసేపటికి వకుళ బయల్దేరబోయింది.

"ఎక్కడికండి?" అంది పల్లాలమ్మ.

"పడవ..."

"మా కోడలికి చెప్పారు, సరే. ఊళ్ళోవోళ్ళకెవరు చెబుతారండి? నాలుగునెలల్నించీ నేను బావికాడికి ఎళ్తే మాట ఆపేత్తన్నారు." ఆవిడ పిల్లని చంకనేసుకుని లేచింది. "రండి. ముప్ఫై ఒక్క గడపండి ఈ లంకలో."

అడిగింది కాదు, రమ్మంది. వకుళ వెనకాలే నడిచింది.

మొదటి ఇంట్లో వకుళ చాలా చెప్పింది. చుక్కలూ, రంగులూ, నాలుగిళ్ళ కుళాయీ. మూడో ఇంటికి మాటలు సన్నబడ్డాయి. అయిదో ఇంట్లో ఒక చంటిపిల్ల తల్లి, తలవంచుకుని, "మీరు వద్దన్నా నేను రాశానండి. మా పాప బానే ఉంది," అంది, తప్పు ఒప్పుకుంటున్నట్టు. ఎనిమిదో ఇంటాయన అరుగు మీదనించే వెళ్ళిపొమ్మన్నాడు. పల్లాలమ్మ కదల్లేదు. "చెప్పండి. ఆళ్ళకి యినపడుద్ది," అంది. వకుళ వీధిలో నిలబడే చెప్పింది. పన్నెండో ఇంట్లో, "అయితే ఇక ఆ కెమెరాకి పిల్లల్ని చూపించొద్దాండి?" అని అడిగారు. చూపించండి, ఇప్పుడు పెట్టింది అన్నీ చూస్తుంది, దానితోపాటు సువార్తగారి కంటికీ చూపించండి, ఆవిడకి అనుమానం వస్తే యంత్రం ఏమన్నా సరే పడవెక్కండి అని చెప్పింది. వాళ్ళు నమ్మారో లేదో తెలియదు. గంగాధరంగారు అన్నదే నిజం కావచ్చు. ఆ భయం ఇంటింటికీ ఆమెతో పాటే నడిచింది.

పదిహేను దాటాక ఆమె దగ్గర మిగిలింది ఒక్కటే మాట. "తప్పు పసుపుది కాదు, ఈవిడది కాదు. నాది." ప్రతి గడపలోనూ అదే. ఎండ నడినెత్తికొచ్చింది. ఒకరు మజ్జిగిచ్చారు, ఒకరు తలుపేసుకున్నారు. అడుగడుక్కీ పల్లాలమ్మ నడుము కాస్త నిటారవుతోంది. అది చూసి వకుళకి సంతోషమేమీ కలగలేదు, ఇంతకాలం ఆ నడుము వంచింది తనేనని తెలిసింది అంతే.

హారిక మామ్మ చంకలో ఉండి వకుళనే చూస్తోంది. మొదట్లో ఆమె గమనించలేదు. ఏ ఇంట్లోవాళ్ళు ఎటు చూస్తున్నా, కుక్క మొరిగినా, చంటిపిల్లలు గోలచేసినా, ఆ పిల్ల చూపు మాత్రం వకుళ నోటి మీదనించి కదలడం లేదు. అంత శ్రద్ధగా ఆమె మాట ఆ లంకలో ఇంకెవరూ వినలేదు.

ముప్ఫై ఒకటో గడప రేవు పక్కన పడవవాళ్ళ ఇల్లు. వకుళ గొంతు అప్పటికే పోయింది. ఆ ఇంట్లోవాళ్ళ ముందు నిలబడి, గాలి మాత్రమే వచ్చే నోటితో ఆ నాలుగు ముక్కలూ చెప్పింది. ఎదుటివాళ్ళకి సరిగా వినపడక, "ఏంటండీ?" అన్నారు.

హారిక ముందుకి వంగి వకుళ పెదాల్నే చూస్తూ, అవి ఎలా కదిలితే అలా తన పెదాల్ని కదిపింది. ఒక్క చప్పుడు కూడా రాలేదు. అందరూ తనవైపు చూసేసరికి ఆ పిల్ల నవ్వింది.